మీ ఫిర్యాదుకి మీ లాగ్‌బుక్కులే అడ్డం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను కోస్తాలో ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎం.ఎస్. జనరల్ సర్జరీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మూడు సంవత్సరాలవాళ్లం కలిపి ఇరవైమందికి పైగా పీజీలం ఉన్నాం. నెల కిందట అందరూ కలిసి నన్ను ప్రతినిధిగా పెట్టుకున్నారు. పరీక్షలున్నాయని ఫైనల్ ఇయర్ వాళ్లెవరూ ఒప్పుకోలేదు. మా అందరి బాధ ఒకటే, కేసులు ఇవ్వరు. ఏడాదిన్నరలో నేను మొదటి నుంచి చివరిదాకా చేసినవి రెండు హైడ్రోసీళ్లు, ఒక అపెండిక్స్. ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) ఉన్నంతసేపూ కోత తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకోవడమే. మిగతా రోజంతా శాంపిళ్లు పంపడం, బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరగడం, డిశ్చార్జ్ సమ్మరీలు, ఆరోగ్యశ్రీ అప్‌లోడ్లు. చేసిన ఆపరేషన్లు నమోదు చేసే లాగ్‌బుక్‌లో మాత్రం అందరం నిండుగా రాస్తాం, లేకపోతే సంతకం పెట్టరు. హెచ్‌ఓడీ (శాఖాధిపతి) సార్‌ని ఒకసారి అడిగితే "మా రోజుల్లో మేం ఇలా అడిగామా?" అన్నారు. ప్రాక్టికల్స్‌లో ఆయనే ఎగ్జామినర్ కాబట్టి అందరికీ టెన్షన్. ఫస్ట్ ఇయర్‌లో ఒక అమ్మాయిని "నువ్వు గైనిక్ తీసుకోవాల్సింది" అని రోజూ అంటున్నారు. కొందరు స్ట్రైక్ చేద్దామంటున్నారు. అందరి తరఫున నేనేం చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: అమ్మా, నీ వయసు పిల్లలకే ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం చదువుతూ ఒక చోట ఆగిపోయాను. "లాగ్‌బుక్‌లో మాత్రం అందరం నిండుగా రాస్తాం" అన్నావు. ముందు దాని గురించే మాట్లాడాలి. మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

రేపు నువ్వు ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి "మాకు కేసులు రావడం లేదు సార్" అన్నావనుకో. ఆయన నీతో వాదించక్కర్లేదు. మీ లాగ్‌బుక్కులు తెప్పిస్తే చాలు. ఒక్కొక్కరి పుస్తకంలో పాతిక హెర్నియాలు, ముప్ఫై అపెండిక్సులు, అన్నీ మీ చేతిరాతలోనే, కింద ప్రొఫెసర్ సంతకాలతో ఉంటాయి. కాగితం మీద మీ డిపార్ట్‌మెంట్ రాష్ట్రంలోనే బాగా నేర్పే డిపార్ట్‌మెంట్ అవుతుంది. ఒకే హెర్నియాని ముగ్గురు "నేనే చేశాను" అని రాసుకుంటే, థియేటర్ రిజిస్టర్‌లో ఉన్న హెర్నియాల కంటే మీ పుస్తకాల్లో ఉన్నవే ఎక్కువవుతాయి. మీ మాట తప్పని రుజువు చేసే కాగితాన్ని మీరే మూడేళ్లపాటు కూర్చుని రాస్తున్నారు.

నేనిది నీతి చెప్పడానికి అనడం లేదు. 1980ల్లో నేనూ పీజీనే, నేనూ ఇలాంటి ఉత్తరం పట్టుకుని మా ప్రొఫెసర్ గదిలోకి వెళ్లాను. పదకొండు మంది సంతకాలు చేశారు. ఆయన కోప్పడలేదు. థియేటర్ రిజిస్టర్ తెప్పించి నా ముందు పెట్టి, "ఏ నెలలో? ఏ ఆపరేషన్? ఎవరికి ఇవ్వాల్సింది ఎవరికి ఇచ్చాం? చూపించు" అన్నారు. నా దగ్గర పదకొండు సంతకాలున్నాయి, ఒక్క అంకె లేదు. బయటికి వచ్చాక నాతో ఉన్నవాళ్లు నా మొహం చూడలేకపోయారు. ఆ తర్వాత మా బ్యాచ్‌లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

కాబట్టి మొదటి మూడు నెలలు ఎవర్నీ ఏమీ అడగొద్దు. లెక్క పెట్టండి.

ఎలాగంటే, బ్రిటన్‌లో శిక్షణలో ఉన్న సర్జన్లు వాడే ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్ పద్ధతి నాకు బాగా నచ్చింది. అక్కడ "చేశాను" అని రాస్తే సరిపోదు. అసిస్ట్ చేశావా? నువ్వు చేస్తుంటే నేర్పేవాళ్లు స్క్రబ్ అయి (చేతులు కడుక్కుని, గౌను, గ్లవ్స్ వేసుకుని) పక్కనే నిలబడ్డారా? స్క్రబ్ అవ్వకుండా పర్యవేక్షించారా? సొంతంగా చేశావా? నీకంటే జూనియర్ చేత నువ్వు చేయించావా? ఒక్కోదానికి ఒక్కో కోడ్ ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఆ కోడ్లు వరుసగా చూస్తే మనిషి ఎక్కడ ఆగిపోయాడో తెలిసిపోతుంది. మన లాగ్‌బుక్కుల్లోనూ చూసినది, అసిస్ట్ చేసినది, పర్యవేక్షణలో చేసినది, సొంతంగా చేసినది అని విడివిడిగా రాసే పద్ధతి ఉన్నదే. ఆపరేషన్లలో అసిస్ట్ చేసినవీ సొంతంగా చేసినవీ లాగ్‌బుక్‌లో నమోదు చేయాలని నేషనల్ మెడికల్ కమిషన్ పీజీ నిబంధనలూ చెబుతాయి. మనం ఆ గళ్లన్నిటినీ ఒకే గడిగా మార్చేశాం, అంతే.

మీ ఇరవైమందీ ఒకే పట్టిక పెట్టుకోండి. తేదీ, ఆపరేషన్, నువ్వు చేసిన భాగం, ఆ సమయంలో సీనియర్ ఎక్కడున్నారు, ఈ నాలుగు చాలు. రోగి పేరు గానీ ఐపీ నంబరు గానీ అందులో ఉండకూడదు. సీనియర్ల పేర్లూ వద్దు, "అసిస్టెంట్ ప్రొఫెసర్" అని హోదా రాస్తే చాలు. ఎవరినీ పట్టివ్వడానికి కాదిది. ఇంకో కాలమ్ తప్పకుండా పెట్టు: మీ యూనిట్ ఓటీ రోజున, లిస్ట్ నడుస్తున్నప్పుడు, నువ్వు థియేటర్‌లో లేకపోతే ఎక్కడున్నావు? బ్లడ్ బ్యాంకులోనా, సీటీ దగ్గరా, ఆరోగ్యశ్రీ కౌంటర్లోనా? నా అనుభవంలో అందరి కళ్లూ తెరిపించేది ఆ కాలమే. "సార్ కేసు ఇవ్వలేదు" అనుకునే రోజుల్లో చాలా రోజులు అసలు కేసు జరుగుతున్న గదిలో పీజీయే ఉండడు.

కొందరు ఒప్పుకోరు. "నిజం రాస్తే సంతకం పెట్టరు, పరీక్షకి పంపరు" అంటారు. ఆ భయం ఉత్తదే అని నేననను. అందుకే అధికారిక లాగ్‌బుక్ సంగతి మొదటి నెలే తేల్చుకోమని చెప్పను. కానీ ఈ పట్టిక నిజంగా ఉండాలి. ఇవాళ్టి నుంచి అధికారిక పుస్తకంలో కూడా లేనిది కొత్తగా చేర్చకుండా ఉండగలిగినవాళ్లు ఉండండి. నువ్వైతే ప్రతినిధివి కాబట్టి నీ పుస్తకం మాత్రం ఇవాళ్టి నుంచే సరిగ్గా ఉండాలి. ఎవరైనా తెరిచి చూపించమంటే చేతులు వణక్కూడదు.

ఇక మీ సార్ల సంగతి. కేసులు ఎందుకు ఇవ్వరో అవతలి వైపు నిలబడ్డవాడిగా చెబుతాను, ఎందుకంటే కారణం తెలియకుండా అడిగితే అడిగింది దొరకదు.

మొదటిది టైము. ఉదయం తొమ్మిదిన్నరకి మొదటి కేసు టేబుల్ ఎక్కుతుంది, మత్తు డాక్టర్లు రెండింటికల్లా లిస్ట్ ముగించమంటారు. నాలుగు కేసులు. పీజీ చేత చేయిస్తే నాలుగోది వాయిదా. ఆ నాలుగో రోగి అప్పటికే రెండుసార్లు వాయిదా పడి, ఉదయం నుంచి ఖాళీ కడుపుతో ఉన్న ముసలాయన. ఏ యూనిట్ చీఫ్‌కైనా అప్పుడు చెయ్యి వదలబుద్ధి కాదు. రెండోది భయం. ఏదైనా జరిగితే బంధువులు వచ్చి నిలదీసేది ఆయననే, కేసు షీట్‌లో సంతకం ఆయనదే.

మూడోది ఎవరూ బయటికి చెప్పరు, నేను చెబుతాను. మన దేశంలో మొదటి లాపరోస్కోపిక్ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే) గాల్‌బ్లాడర్ ఆపరేషన్ 1990లో ముంబై జేజే ఆసుపత్రిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా చేశారు. అప్పటికే నా ఎం.ఎస్. అయిపోయింది. మా ఆసుపత్రికి ఆ పరికరాలు వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. నేను సెలవు పెట్టి, సొంత డబ్బు కట్టి, వారాంతపు కోర్సులకి వెళ్లి నేర్చుకున్నాను. తీరా మా యూనిట్‌లో మొదలుపెట్టాక నెలకి నాలుగైదు కేసులు వచ్చేవి. అవి పీజీలకిస్తే నా చెయ్యి ఎప్పుడు తిరుగుతుంది? నాలుగేళ్లపాటు కెమెరా పట్టుకోవడం తప్ప ఒక్క పీజీకి ఏమీ ఇవ్వలేదు. తర్వాతెప్పుడో వాళ్లలో ఒకతను ఒక పెళ్లిలో కలిసి, మామూలుగానే చెప్పాడు, లాప్ బయట డబ్బు కట్టి నేర్చుకున్నానని. అతను నన్ను తప్పుపట్టలేదు. కానీ నేను కట్టిన డబ్బే అతనూ ఎందుకు కట్టాల్సి వచ్చిందో నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ సార్లలో కొందరు ఇవాళ సరిగ్గా అదే స్థితిలో ఉండొచ్చు. వాళ్లు చెడ్డవాళ్లని అనుకుంటే నీ మాట తీరే మారిపోతుంది, అది వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

అందుకే "మాకు కేసులు ఇవ్వండి" అని అడగొద్దు. ఆ మాట వినగానే టైము, భయం రెండూ ఒకేసారి గుర్తొస్తాయి. ప్రతి కేసులో ఒక మెట్టు అడుగు.

గజ్జల్లో వచ్చే ఇంగ్వైనల్ హెర్నియాకి మెష్ (వల) పెట్టే ఆపరేషన్ తీసుకో. చర్మం కోయడం, ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ అనే పొట్ట కండరం పొర దాకా వెళ్లడం ఒక మెట్టు. దాన్ని తెరిచి, ఇలియోఇంగ్వైనల్ నరం ఎక్కడుందో చూసి కాపాడటం రెండోది. కార్డ్‌ని (వృషణానికి వెళ్లే నాళాల కట్టని) ఎత్తి చుట్టూ టేప్ వేయడం మూడోది. హెర్నియా సంచిని వెతికి వేరు చేయడం నాలుగోది, అసలు కష్టం అక్కడే. మెష్ కుట్టడం ఐదోది. ఎక్స్‌టర్నల్ ఆబ్లిక్ మూయడం, చర్మం మూయడం చివరివి. ఇప్పుడు మీ యూనిట్‌లో వారానికి మూడు హెర్నియాలు జరుగుతాయనుకో. చర్మం మూసేది ఎప్పుడూ ఫస్ట్ ఇయర్. తెరిచి, నరం చూపించి, కార్డ్ ఎత్తేది సెకండ్ ఇయర్. మెష్ ఫైనల్ ఇయర్. సంచి మాత్రం సార్ చేస్తారు, లేదా ఫైనల్ ఇయర్ చేస్తుంటే సార్ అవతల నిలబడి చేయిస్తారు. ఒక్కో మెట్టులో అదనంగా పట్టేది కొద్ది నిమిషాలే. లిస్ట్ రెండింటికి ముగుస్తుంది. ఎవరి చెయ్యీ ఖాళీగా ఉండదు. ఒక్కో మెట్టు పదిసార్లు చేసిన పిల్ల మొత్తం ఆపరేషన్ చేసే రోజున సార్‌కి భయం ఉండదు, ఎందుకంటే ఆ చెయ్యి ఎలా కదులుతుందో ఆయన ఏడాదిగా చూస్తున్నారు.

కేసుకి ముందు చేతులు కడుక్కుంటున్నప్పుడే నోరు తెరిచి చెప్పాలి: "సార్, ఇవాళ కార్డ్ ఎత్తడం నేను చేస్తాను, పోయిన వారం వెనక వైపు సరిగ్గా రాలేదు." రెండు వాక్యాలు. అనాటమీ చదువుకుని వచ్చిందని ఆయనకి అప్పుడే తెలుస్తుంది. చర్మం మూస్తున్నప్పుడు ఇంకో ప్రశ్న: "సార్, ఎక్కడ తడబడ్డాను?" నా దగ్గర పనిచేసినవాళ్లలో ఈ రెండూ అలవాటు చేసుకున్న పిల్లలకి నేను తెలియకుండానే ఎక్కువ ఇచ్చేవాణ్ని.

రోగి మాట ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. ప్రభుత్వాసుపత్రికి వచ్చేవాళ్లు వేరే చోటుకి పోలేనివాళ్లు. వాళ్ల మీద నేర్చుకునే హక్కు మనకి ఎవరూ రాసివ్వలేదు. సీనియర్ పక్కన ఉండి, మెట్టు మెట్టుగా, అవసరమైతే ఆ క్షణంలోనే చెయ్యి మార్చుకునేలా నేర్పితేనే అది శిక్షణ. అర్ధరాత్రి క్యాజువాలిటీలో సెకండ్ ఇయర్ పీజీని ఒంటరిగా వదిలేసి "నీకు కేసు ఇచ్చాను కదా" అనడం శిక్షణ కాదు. అలాంటివి కూడా మీ పట్టికలో రాయండి. కేసులు తక్కువ ఇవ్వడం ఎంత తప్పో, పర్యవేక్షణ లేకుండా ఇవ్వడం అంతకంటే పెద్ద తప్పు. ప్రతినిధిగా నువ్వు రెండూ చెప్పాలి. మొదటిది మాత్రమే చెబితే అది మీ స్వార్థంలా వినిపిస్తుంది.

చెయ్యి తిరగడం అనేది రోగి దాకా వెళ్లే విషయమని చూపించిన పరిశోధన ఒకటుంది. అమెరికాలోని మిషిగన్‌లో 20 మంది బేరియాట్రిక్ (బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే) సర్జన్ల ఆపరేషన్ వీడియోలు తీసుకుని, అవి ఎవరివో చెప్పకుండా తోటి సర్జన్ల చేత మార్కులు వేయించారు. ఫలితాలు 2013లో వచ్చాయి. నైపుణ్యంలో అట్టడుగు పావు వంతు సర్జన్ల రోగుల్లో కాంప్లికేషన్లు 14.5 శాతం, పై పావు వంతు సర్జన్ల రోగుల్లో 5.2 శాతం. అందరూ శిక్షణ పూర్తయిన సర్జన్లే. హెచ్‌ఓడీ గారితో మాట్లాడేటప్పుడు ఈ సంగతి చెప్పు. ఆ వెంటనే ఇంకొకటి చెప్పు: ఇంకో ఏడాదిన్నరకి మీలో ఒకరు ఏదో ఏరియా ఆసుపత్రిలో ఉంటారు. రాత్రి రెండింటికి పేగు బిగుసుకుపోయిన హెర్నియాతో ఒక మనిషి వస్తాడు. పిలవడానికి సీనియర్ ఉండరు. ఆ మనిషి కోసం అడుగుతున్నాం సార్, అను. ఆయన సర్జన్. ఆ రాత్రులు ఆయనా చూసి ఉంటారు.

మూడు నెలలయ్యాక ఆయన దగ్గరికి ఎలా వెళ్లాలో కూడా చెబుతాను. ఒక్కదానివే వెళ్లొద్దు, ఇరవైమందితోనూ వెళ్లొద్దు. ప్రతి సంవత్సరం నుంచి ఒకరు, ముగ్గురు చాలు. ఓటీ రోజున, ఓపీ రోజున వద్దు. ముందుగా మీ మాట వినే అసోసియేట్ ప్రొఫెసర్ ఎవరైనా ఉంటే ఆయనకి లేదా ఆమెకి పట్టిక చూపించి సలహా అడుగు. ప్రతి డిపార్ట్‌మెంట్‌లో అలాంటివారు ఒకరుంటారు. హెచ్‌ఓడీ ముందు ఒకే ఒక్క పేజీ పెట్టు. యూనిట్ల మధ్య పోలిక పెట్టకు, అది గొడవలకి దారి తీస్తుంది. మొత్తం డిపార్ట్‌మెంట్ లెక్క చాలు. "మూడు నెలల్లో ఇన్ని హెర్నియాలు జరిగాయి, వాటిలో పీజీ ఏదైనా ఒక మెట్టు చేసినవి ఇన్ని. ఓటీ సమయంలో మేం బయట ఉన్నది ఇన్ని గంటలు." తర్వాత రెండు కోరికలు, అంతకు మించొద్దు. మెట్ల పద్ధతిని ఒక యూనిట్‌లో మూడు నెలలు పెట్టి చూడమని ఒకటి. ఓటీ రోజున శాంపిళ్లకి, బ్లడ్ బ్యాంకుకి ఎంఎన్ఓనో ఎఫ్ఎన్ఓనో (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు) కేటాయించమని సూపరింటెండెంట్‌కి ఆయన పేరు మీద ఉత్తరం రాయమని రెండోది. ఈ రెండోది ఆయనకి ఇష్టంగా ఉంటుంది, ఎందుకంటే మీరు ఆయన మీద కాకుండా ఆయనతో కలిసి అడుగుతున్నారు. ఆరోగ్యశ్రీ కాగితాలకి హౌస్ సర్జన్ల మీద పడకండి. వాళ్లూ నేర్చుకోవడానికే వచ్చారు.

"మా రోజుల్లో మేం అడిగామా?" అని మళ్లీ అంటే కాదనకు. మాలో చాలామంది నిజంగానే అడగలేదు. అడగనందువల్ల ఏం కోల్పోయామో ఆయనకే తెలుసు.

పరీక్ష భయం గురించి. ఎం.ఎస్. ప్రాక్టికల్స్‌లో ఎగ్జామినర్లలో సగం మంది బయటి కళాశాలల నుంచి వస్తారు, ఆయన ఒక్కరే తేల్చేది కాదు. అయినా భయపడేవాళ్లని బలవంతంగా ముందుకు లాగొద్దు. ఫైనల్ ఇయర్ వాళ్లు పట్టికలో పేరు లేకుండా లెక్కలిస్తే చాలు. వాళ్లని పిరికివాళ్లని ఎవరైనా అంటే ప్రతినిధిగా నువ్వే ఆపాలి.

బ్రిటన్, ఐర్లాండ్‌లలో శిక్షణలో ఉన్న సర్జన్లకి 1976 నుంచి సొంత సంఘం ఉంది, అసోసియేషన్ ఆఫ్ సర్జన్స్ ఇన్ ట్రైనింగ్. అది ప్రభుత్వ ఆరోగ్య సేవ కిందా రాయల్ కాలేజీల కిందా ఉండదు. సర్జరీలోని పది శాఖల పిల్లలూ అందులో ఉంటారు. వాళ్లు చేసే పనుల్లో నాకు ముఖ్యంగా అనిపించేది సర్వే. సభ్యుల్ని అడిగి, లెక్క తీసి, దాన్ని ప్రచురించి, ఆ కాగితంతో పెద్దల ముందు కూర్చుంటారు. శిక్షణలో ఉన్నవాళ్ల అభిప్రాయాన్ని పేర్లు బయటపడకుండా ఏటా సేకరించే పద్ధతి అక్కడి మెడికల్ కౌన్సిల్‌కీ ఉంది. మన తెలుగు పిల్లలు చాలామంది అక్కడ పనిచేస్తున్నారు, మీ సీనియర్లలో ఎవరైనా ఉంటే అడుగు, ఆ ప్రశ్నల జాబితా ఎలా ఉంటుందో చెబుతారు. మన జూడా (జూనియర్ డాక్టర్ల) సంఘాలు స్టైపెండ్ కోసం, హాస్టళ్ల కోసం, డాక్టర్ల మీద దాడులకి వ్యతిరేకంగా గట్టిగా నిలబడ్డాయి. అవన్నీ న్యాయమైనవే, నేను వాటిని తక్కువ చేయను. కానీ "మాకు నేర్పండి" అన్నది వాళ్ల కోరికల పత్రంలో మొదటి వరుసలో ఉండగా నేను చూడలేదు. అది మీ కాలేజీ నుంచే మొదలుకావచ్చు.

స్ట్రైక్ ఇప్పుడు వద్దని నా మాట. స్టైపెండ్ ఆగిపోతే ప్రభుత్వం ఒక్క జీవోతో ఇస్తుంది. నేర్పడం జీవోతో రాదు. సమ్మె విరమించిన మర్నాడు అదే ఓటీలో అదే సార్ ఎదురుగా నిలబడాలి, ఆయన మనసు పెట్టి చెయ్యి వదలాలి.

డ్యూటీ గంటల గురించి నువ్వు రాయలేదు, కానీ ఉండే ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ రెసిడెన్సీ పథకం 1992లోనే ఏకధాటి డ్యూటీ మామూలుగా 12 గంటలు దాటకూడదని చెప్పింది. 2023 పీజీ నిబంధనలు "తగినన్ని" పని గంటలు, విశ్రాంతి, పని ఒత్తిడిని బట్టి వారానికో సెలవు అంటాయి. నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన మానసిక ఆరోగ్య టాస్క్‌ఫోర్స్ 2024లో వారానికి 74 గంటలు మించొద్దని సిఫారసు చేసింది. ఈ కాగితాలు దగ్గర పెట్టుకో. అయితే గంటలు తగ్గితే నేర్చుకోవడం దానంతటదే పెరగదు. మిగిలిన గంటల్లో ఏం చేస్తున్నారన్నదే అసలు లెక్క, అందుకే పట్టికలో ఆ కాలమ్ పెట్టమన్నాను.

ఇప్పుడు ఆ ఫస్ట్ ఇయర్ అమ్మాయి గురించి. నీ ఉత్తరంలో ఒకే వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది గానీ, నీ పదవిలో మొదటి బాధ్యత ఆమే. మూడు నెలలు ఆగమన్నది కేసుల విషయం. ఇది రేపే. ఆమెతో విడిగా కూర్చుని, అన్న మాటలు తేదీలతో రాయించు. ఆమె ఒప్పుకుంటేనే, ఆమె ఒప్పుకున్నంతవరకే, ముందు నువ్వు నమ్మే మేడమ్ ఎవరితోనైనా, అక్కడ ఆగకపోతే కాలేజీ అంతర్గత ఫిర్యాదుల కమిటీలో మాట్లాడు. ఆమె పేరు నీ గ్రూపులో పెట్టొద్దు. ఈలోగా ప్రతి ఓటీ రోజూ ఒక మెట్టు ఆమె చేతికి వచ్చేలా నువ్వు చూడు, నీ వంతు వదులుకునైనా. ఆమె ఒక్కతే కాదు, భోజనానికి రాకుండా, ఎవరితో మాట్లాడకుండా ఉండిపోయే పీజీలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. నిద్రలేక నవ్వడం మానేసినవాళ్లని గమనించు. ఎవరైనా "బతకాలని లేదు" అన్న ధోరణిలో ఒక్క మాటన్నా వాళ్లని ఒంటరిగా వదలకు, డ్యూటీ మార్పించు, ఇంట్లోవాళ్లని పిలిపించు, సైకియాట్రీ వాళ్లకి చూపించు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు పీజీల గది గోడకి అంటించి ఉంచు.

సార్ల మీద ఆధారపడకుండా మీ చేతుల్లో ఉన్నదీ కొంత ఉంది. మేకపేగులు మాంసం కొట్టులో చవగ్గా దొరుకుతాయి. శుభ్రంగా కడిగి, గడువు దాటిన సూచర్లు (కుట్టు దారాలు) థియేటర్ సిస్టర్‌ని అడిగి తెచ్చుకుని, వారానికో సాయంత్రం అనాస్టమోసిస్ (తెగిన పేగు చివరలు రెండూ కలిపి కుట్టడం) వేయండి. వేశాక ఒక చివర కట్టి నీళ్లు నింపండి, ఎక్కడ కారుతుందో కళ్లకి కనబడుతుంది. నా పీజీల్లో ఒకతనికి తొమ్మిదోసారికి నీటి చుక్క కారలేదు, ఆ రోజు అతని మొహం నాకింకా గుర్తుంది. లాప్ కోసం అట్టపెట్టెకి రెండు రంధ్రాలు చేసి, లోపల లైటు పెట్టి, ఫోన్ కెమెరాని తెరగా వాడండి. లాప్‌లో పట్టుకోవడానికి వాడే పాత గ్రాస్పర్లు రెండు సంపాదించి, శనగగింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడంతో మొదలుపెట్టండి. ఇది పిల్లలాట అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. యేల్ విశ్వవిద్యాలయంలో 2002లో చేసిన ఒక అధ్యయనంలో ముందు సిమ్యులేటర్ మీద సాధన చేసిన రెసిడెంట్లు గాల్‌బ్లాడర్‌ని 29 శాతం తక్కువ సమయంలో విడదీశారు. సాధన చేయనివాళ్లు గాల్‌బ్లాడర్‌ని గాయపరచడమో పక్క కణజాలాన్ని కాల్చడమో అయిదింతలు ఎక్కువ. అట్టపెట్టె ఆ యంత్రం కాదు, కానీ తెర చూస్తూ చెయ్యి కదపడం అక్కడే మొదలవుతుంది. నాలుగు వారాల తర్వాత మీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని ఒక సాయంత్రం టీకి పిలిచి చూపించండి. ఆయన ఒక గింజ తీసి చూపించకుండా వెళ్లరు.

చివరగా, జిల్లా రెసిడెన్సీ. మూడు, నాలుగు, అయిదు సెమిస్టర్లలో ఎప్పుడో మూడు నెలలు జిల్లా ఆసుపత్రికి పంపుతారు. రెండో సంవత్సరంలో ఉన్నావు కాబట్టి నీకు ఇంకా మిగిలి ఉంటే, దాన్ని చాలామందిలా తప్పనిసరి తద్దినం అనుకోకు. ఇప్పటికే వెళ్లివచ్చిన ఫైనల్ ఇయర్ వాళ్లని కూర్చోబెట్టి అడుగు: ఏ ఆసుపత్రిలో వారానికి ఎన్ని ఆపరేషన్లు జరిగాయి, అక్కడి సర్జన్ పక్కన నిలబడి చేయించారా, మత్తు డాక్టర్ రోజూ ఉన్నారా? ఆ సమాధానాలు ఒక నోట్‌బుక్‌లో రాసి, మీ తర్వాతి బ్యాచ్‌కి అందేలా పీజీల గదిలో పెట్టు. పోస్టింగులు వేసే ముందే ఆ నోట్‌బుక్ కోఆర్డినేటర్‌కి చూపించి, నేర్పే సర్జన్లున్న చోట్లకి ఎక్కువమందిని వేయమని అడుగు. మూడు నెలల పట్టిక పూర్తయ్యాక నాకు మళ్లీ రాయి. హెచ్‌ఓడీ గారి ముందు పెట్టే ఆ ఒక్క పేజీ నేనూ ఒకసారి చూస్తాను.